తెలుగునాట పూర్వ క్రీడాకారులు – వారి స్మృతి

తెలుగునాట ఆడిన ఆటలను, లెక్క వ్రాసిపెట్టు ఆచారము కలవి, అట్టి ఆచారము లేనివి అని రెండు తెగలుగా విభజింపవచ్చును. పూర్వ క్రీడాకారుల స్మృతి ఎట్లు నిలిచినదో, ఎట్లు మాసిపోయినదో తెలియుటకు ఈ విభాగమే మొదటి ఆధారము. చెడుగుడు, బిళ్ళంగోడు, కర్రసాము, కుస్తీ మొదలగువానియందు గెలిచినవాని పేరు ఆ యూరి రచ్చబండను దాటి పోవుట అరుదు. చూచిన తరము గతించిన పిదప పేరును గతించెను. క్రికెట్టు అట్లు కాక, ఈ దేశమునకు వచ్చునపుడే తన గణకుని వెంటబెట్టుకొని వచ్చినది. బంతి బంతికిని లెక్క వ్రాయబడుటచేత, నూరేండ్ల నాటి యొక మధ్యాహ్నమున ఎవరెన్ని నిమిషములలో ఎన్ని పరుగులు తీసిరో నేటికిని తడుముకొనక చెప్పవచ్చును. ఫుట్‌బాలు ఈ రెంటికిని నడుమనున్నది. అందు గోలు వేసినవాని పేరు మిగులునే గాని, వానికి ఆట నేర్పినవాని పేరు వ్రాయుటకు లెక్కపుస్తకమున గడియే లేదు.

ఈ వ్యాసమున తెలుగునాడు అను మాట కొంత విశాలార్థమున గ్రహింపబడినది. ఆంధ్ర తెలంగాణములలో పుట్టి పెరిగినవారు, వారి యింటి భాష ఉర్దూ యైనను తమిళమైనను పారసీకమైనను, ఈ మైదానముల బిడ్డలే. నాగపురము వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబములవారును మనవారే. కాలమును బట్టి చూచినచో 19వ శతాబ్ది చివరి పాదమున జన్మించిన మల్లుల నుండి 1962 నాటి జకార్తా విజేతల వరకును ఇందు ప్రధాన విషయము.

లెక్కలు లేని లోకమునుండి మనకు దక్కిన మహనీయుడు కోడి రామమూర్తినాయుడు. ఈయన 19వ శతాబ్ది తొమ్మిదవ దశకమున, నాటి ఉత్తర సర్కారులలోని వీరఘట్టమున జన్మించెను. బాల్యముననే తల్లిని గోల్పోయి, విజయనగరమున పినతండ్రి చెంత పెరిగెను. ఆ నగరమున దండీలు, బస్కీలు, సాముగరిడీలు విద్యలుగా గౌరవింపబడు కాలమది. తాలింఖానాలో వస్తాదునకు శిష్యులు చూపు వినయము పాఠశాలలో పంతులునకు చూపు వినయమునకు తీసిపోయెడిది కాదు. రామమూర్తి ఆ దేశీయ శిక్షణముతో తృప్తి నొందక, చెన్నపట్టణము చేరువనున్న సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది, విజయనగరమునకు మరలి, తాను చదివిన యూరనే పిల్లలకు వ్యాయామము నేర్పెను. పిదప పొట్టి పంతులు అనువారి సాహాయ్యమున సర్కసు సంఘమును స్థాపించి దేశ విదేశములు తిరిగెను. ఉరమునకు ఇనుప గొలుసు చుట్టించుకొని ఊపిరి బిగించి దానిని తెంచుట, భుజములకు కట్టిన మోకులతో రెండు మోటారుకార్లను కదలనీయక నిలుపుట, రొమ్ముపై పలక వేయించుకొని ఏనుగును ఎక్కించుకొనుట ఆయన ప్రదర్శనములలో ప్రసిద్ధములు. లండనులో ఐదవ జార్జి చక్రవర్తి ఆ బలమును చూచి 'ఇండియన్ హెర్క్యులస్' అని బిరుదమిచ్చెనని చెప్పుదురు. తెలుగువారు మాత్రము తమకు తెలిసిన పేరునే పెట్టి 'కలియుగ భీము'డనిరి. 1942లో ఒరిస్సాలోని బలంగీరులో ఆయన కాలధర్మము నొందెను. విశాఖపట్టణపు సముద్రతీరమున విగ్రహమును, శ్రీకాకుళమున ఆయన పేరు దాల్చిన క్రీడాంగణమును నేడు కలవు.

భీముడను ఆ పేరు మేలునకును కీడునకును కారణమైనది. పౌరాణికమైన పోలికయే లేకున్నచో లెక్కపుస్తకము లేని విద్యలో ఆరితేరిన ఆయన పేరు ఇంత దూరము వచ్చియుండదు. అయినను జనులు ఏనుగును గుర్తుంచుకొన్నంతగా వ్యాయామోపాధ్యాయుని గుర్తుంచుకొనలేదు. ఆయన శాకాహారి యని, ప్రాణాయామమును అభ్యసించినవాడని చెప్పుకొనుటయే గాని, ఏ వయస్సు పిల్లలకు ఏ సాధన ఎంతకాలము చేయించెనో, ఊపిరి బిగించు విద్యను ఏ క్రమమున నేర్పెనో సాంగముగా గ్రంథస్థము చేయవలెనను తలంపు నాటి విద్వాంసులకు కలిగినట్లు కానరాదు. కలిగియుండినచో ఒక పురుషుని బలమే గాక ఒక శాస్త్రమును మనకు దక్కియుండెడిది.

భీముని పోలికకు ఒక తరము పిదప మరియొక నిదర్శనము కలదు. కృష్ణా జిల్లా గండిగుంటలో 1916లో జన్మించిన దండమూడి రాజగోపాలరావు బరువులెత్తు విద్యలో 1948 నాటి లండను ఒలింపిక్సున భారతదేశమునకు ప్రాతినిధ్యము వహించెను. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో పతకము గెలిచెను. విజయవాడలోని అంతర క్రీడాంగణమునకు ఆయన పేరు పెట్టబడినది. అయినను సామాన్య తెలుగు ప్రేక్షకుడు ఆయనను ఎరిగినది 1963లో వచ్చిన 'నర్తనశాల' చిత్రమున భీమపాత్రధారిగా. ఎత్తిన బరువుల లెక్క మరచిపోయినను, వంటవాని వేషమున కీచకుని పీచమణచిన ఆ నిండు విగ్రహమును ఎవరును మరువలేదు. రామమూర్తి పుట్టిన సీమకు చేరువనే, శ్రీకాకుళము జిల్లా ఆముదాలవలస ప్రాంతమున, నీలంశెట్టి అప్పన్న శిక్షణలో పెరిగిన కరణం మల్లేశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో మొత్తము 240 కిలోగ్రాములెత్తి కాంస్యపతకము గెలిచి, ఒలింపిక్సున పతకము పొందిన మొదటి భారతీయ మహిళ యయ్యెను. ఆమె ఈ వ్యాసపు కాలపరిమితికి బయటిదే. కాని ఆమెను స్మరించునపుడు గురువు పేరును కూడ స్మరించుట ఆ సీమవారి మంచి యలవాటు.

ఇక లెక్కలు గల లోకమునకు వచ్చినచో మొదటి పేరు కొఠారి కనకయ్యనాయుడు. జగమెరిగిన పేరు సి.కె. నాయుడు. 1895 అక్టోబరు 31న నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమున జన్మించెను. 1926 డిసెంబరు 1వ తేదీన బొంబాయి జింఖానా మైదానమున, ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టుపై, హిందువుల జట్టు తరఫున 116 నిమిషములలో 153 పరుగులు తీసెను. అందు 11 సిక్సర్లు, 13 ఫోర్లు. ఒక్క ఇన్నింగ్సులో అన్ని సిక్సర్లు అప్పటికి ఎవరును కొట్టియుండలేదు. ప్రత్యర్థులే సంతోషించి వెండి బ్యాటు బహూకరించిరి. తమను పాలించు జాతివారు వేసిన బంతి జింఖానా కప్పు మీదుగా పోవుట కన్నులార చూచిన జనులకు ఆ మధ్యాహ్నము కేవలము ఆటగా తోచియుండదు. భారతదేశమునకు టెస్టు హోదా లభించుటకు మార్గము సుగమము చేసిన ఘట్టములలో దీనిని ఒకటిగా చరిత్రకారులు గణింతురు.

1932లో ఇంగ్లండుకు వెడలిన జట్టునకు పోరుబందరు మహారాజు నాయకుడు. ఉపనాయకుడు లింబ్డీ రాజకుమారుడు. మహారాజు తన శక్తి తానెరిగి తప్పుకొనుటచేతను, ఉపనాయకుడు గాయపడుటచేతను, జూన్ 25న లార్డ్సులో ఆరంభమైన మన మొదటి టెస్టున నాయకత్వము నాయుడునకు దక్కెను. చేతికి దెబ్బ తగిలియుండియు మొదటి ఇన్నింగ్సున ఆయన చేసిన 40 పరుగులే జట్టులో అధికము. ఆ ఆట 158 పరుగుల తేడాతో ఓడిపోయినను, ఆ వేసవిలో ఆయన మొత్తము 1,618 పరుగులు తీసి, 32 సిక్సర్లు కొట్టి, మరుసటి యేడు విజ్డెన్ గ్రంథము వార్షికముగా ఎన్నుకొను ఐదుగురు ఆటగాండ్రలో చేరిన మొదటి భారతీయ జట్టు క్రీడాకారుడయ్యెను. ఎడ్జ్‌బాస్టనులో ఆయన కొట్టిన బంతి ఏరు దాటి ప్రక్క కౌంటీలో పడెనని చెప్పుకొందురు. అక్కడ ఏరే సరిహద్దు.

మన టెస్టు జట్టునకు రెండవ నాయకుడును తెలుగు సంస్థానమువాడే యగుట చిత్రమైన సంగతి. విజయనగర మహారాజకుమారుడు, విజ్జీ యని పేరు పొందిన విజయానంద గజపతిరాజు, 1936లో జట్టును ఇంగ్లండునకు తీసికొనిపోయెను. మూడు టెస్టులలో రెండు ఓడితిమి. లాలా అమర్‌నాథు యాత్ర నడుమనే ఇంటికి పంపబడెను. ఓవల్ మైదానమున గబ్బీ అలెన్ బంతి తగిలి కుప్పకూలియు నాయుడు లేచి నిలిచి 81 పరుగులు తీసినది ఆ యాత్రలోనే. విజ్జీని నిందించుట సులువు. ఆయన నాయకత్వము జట్టునకు చేటు చేసినదన్నది నా అభిప్రాయమును. అయినను, 1930-31లో జాక్ హాబ్స్‌ను, సట్‌క్లిఫ్‌ను ఈ దేశమునకు రప్పించి ఆడించినదియు, మన కుర్రవారు ఆ మహామహుల ఆటను సన్నిధిని చూచునట్లు చేసినదియు ఆయనయే. విశ్వవిద్యాలయముల నడుమ జరుగు పోటీకి నేటికిని విజ్జీ ట్రోఫీ యని పేరు.

నాయుడు వార్ధక్యము ఆయన యౌవనమునకంటె నాకు ఆశ్చర్యకరము. హోల్కరు మహారాజు ఆహ్వానముపై ఇందూరు చేరి, ఆ జట్టును తీర్చిదిద్ది, 1945-46 మొదలు 1952-53 లోపల నాలుగుమార్లు రంజీ ట్రోఫీ గెలిపించెను; అందు మొదటిసారి అంతిమ పోటీలో, ఏబదియేండ్లు నిండిన పిదప, బరోడాపై 200 పరుగులు తీసెను. ఆయన తమ్ముడు సి.ఎస్. నాయుడు 1944-45 అంతిమ పోటీలో బొంబాయిపై హోల్కరు తరఫున ఒక్క ఆటలో 152.5 ఓవర్లు విసిరెను. ఆ శ్రమను నేటివారు ఊహింపనైన లేరు. ఆంధ్ర జట్టు 1953-54లో మొదటిసారి రంజీ పోటీలలో ప్రవేశించినపుడు సి.కె. తన 58వ యేట ఆ జట్టున ఆడెను. పుట్టినది నాగపురమున, కీర్తి ఇందూరున. అయినను క్రొత్తగా నడక నేర్చుచున్న తెలుగు జట్టునకు ముసలి చేయి ఆసరా యిచ్చుటకు వచ్చెను. 1956లో పద్మభూషణ బిరుదము, 1967 నవంబరు 14న ఇందూరున మరణము. భారత క్రికెట్టు మండలి 1994 నుండి ఇచ్చుచున్న జీవితసాఫల్య పురస్కారమునకును, యువకుల దేశీయ పోటీకిని ఆయన పేరే పెట్టబడినది. కుమార్తె చంద్రా నాయుడు తండ్రిని గూర్చి గ్రంథము వ్రాసెను. ఆమె ఈ దేశమున క్రికెట్టు వ్యాఖ్యానము చేసిన తొలి మహిళలలో ఒకరు.

హైదరాబాదు క్రికెట్టును గూర్చి వేరుగ ఒక గ్రంథమే కావలెను. 1937-38లో ఆ జట్టు నవానగరుపై ఒక్క వికెట్టు తేడాతో గెలిచి రంజీ ట్రోఫీ తెచ్చుకొన్నపుడు ఎడుల్జీ ఐబరా అజేయముగా 137 పరుగులు తీసెను. గులాం అహమ్మదు 22 టెస్టులలో 68 వికెట్లు పడగొట్టిన ఆఫ్ స్పిన్నరు; మూడు టెస్టులలో నాయకుడు; 1952లో ఢిల్లీలో పాకిస్తానుపై చివరి వికెట్టునకు హేము అధికారితో కలిసి 109 పరుగులు జోడించెను. మొటగానహళ్ళి జయసింహ 1960లో కలకత్తాలో ఆస్ట్రేలియాపై ఐదు దినములును బ్యాటు పట్టిన మొదటివాడు. 1968లో బ్రిస్బేనులో విమానము దిగిన కొలది దినములకే 74, 101 తీసెను. చొక్కా కాలరు పైకెత్తి, చేతులకు గుండీలు పెట్టి ఆయన నడచి వచ్చు తీరు చూచి అట్లే నడువ నేర్చిన కుర్రవారు సికిందరాబాదు వీథులలో ఎందరో ఉండిరి. ఆ నడకకు లెక్కపుస్తకమున చోటు లేదు.

ఇప్పుడు మూడవ రీతి స్మృతి, శిష్యులలో మాత్రము నిలుచునది. సయ్యదు అబ్దుల్ రహీము 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, పాఠశాలలలో ఉపాధ్యాయుడై, 'రహీం సాబ్' అని యందరిచేత పిలువబడెను. హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు 1943 నుండి కార్యదర్శిగా ఉండి, నగర పోలీసు జట్టును దేశమున సాటిలేనిదిగ తీర్చెను. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగ ఐదేండ్లు రోవర్స్ కప్పును, 1950లో డ్యూరాండు కప్పును గెలిచెను. కలకత్తా క్లబ్బుల వలె ధనము లేదు, అభిమానుల సముద్రము లేదు. కానిస్టేబుళ్ళు, గుమాస్తాలు, పేద యిండ్ల కుర్రవారు. ఆయన విద్య మూడు మాటలలో ముగియునది కాదు గాని, దాని మర్మము తెలియదగినదే. బలహీనమైన కాలితో మాత్రమే తన్నవలెనను నిబంధనతో పందెములు పెట్టి రెండు కాళ్ళను సమముగ చేసెను. బంతిని ఒక్క తాకుడుతోనే తోడివానికి అందింపవలెనను ఆటలాడించి, ఒంటరి విన్యాసముల మోజును వదలించెను. బంతితో పరుగెత్తుటకంటె బంతిని పరుగెత్తించుట మేలని దీని సారము. ఉపాధ్యాయుని బోధనాక్రమము మైదానమునకు వచ్చినదన్న మాట.

1950 నుండి భారత జట్టు భారము ఆయనపై పడెను. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల అంతిమ పోటీలో ఇరానుపై 1-0తో స్వర్ణము. మరుసటి యేడు హెల్సింకిలో, చలిలో, చాలమంది వట్టికాళ్ళతో ఆడి యుగోస్లావియాచే 10-1తో ఓడిరి. ఆ పరాభవము మేలే చేసినది. బూట్లు లేనిదే ఆట లేదని నియమమేర్పడెను. 1956లో మెల్‌బోర్నులో ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి, ఒలింపిక్సు ఉపాంత్య పోటీకి చేరిన మొదటి ఆసియా జట్టుగా నిలిచి, నాలుగవ స్థానము పొందిరి. 1960లో రోమున ఫ్రాన్సుతో సమమై, హంగరీతో 2-1గా ఓడిరి. ఆ ఒక్క గోలు సికిందరాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాముడు వేసెను. సాధనకు వచ్చుటకు సైకిలు అద్దెకైన స్తోమత లేని ఆ కుర్రవానికి రహీము తన జేబునుండి డబ్బిచ్చి రప్పించెనని బలరాముడే చెప్పుకొనెడివాడు.

1962 జకార్తా ఆసియా క్రీడల ఘట్టము తెలుగు క్రీడాచరిత్రలో మిక్కిలి వన్నె గలది. తైవాను, ఇజ్రాయేలు దేశములను రానీయనందుకు భారత ప్రతినిధి సోంధీ నిరసన తెలుపుటచేత ఆ నగరము మనవారిపై పగబట్టియుండెను. మొదటి ఆటలో దక్షిణ కొరియాచే 2-0తో ఓడిరి. పిదప థాయిలాండును, జపానును, దక్షిణ వియత్నామును గెలిచి మరల ఆ కొరియానే సెప్టెంబరు 4న అంతిమ పోటీలో ఎదుర్కొనిరి. తలకు కుట్లు పడిన వెనుక వరుస ఆటగాడు జర్నైలు సింగును రహీము ముందు వరుసకు పంపెను. జ్వరముతోనున్న హైదరాబాదీ థంగరాజును గోలులో నిలిపెను. యూసుఫ్ ఖాను, బలరాముడు మైదానమున ఉండిరి. లక్షమంది ప్రతికూలముగ కేకలు వేయుచుండ, పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైలు ఒకటి వేసి 2-1తో గెలిచిరి. అప్పటికే రహీము ఊపిరితిత్తులను క్యాన్సరు తినివేయుచుండెను. 1963 జూన్ 11న, విజయమునకు ఏడాదియైన నిండక మునుపే, రహీము గతించెను. భారత ఫుట్‌బాలు నాటినుండి ఆసియా స్వర్ణమును చూడలేదు.

శిక్షకులకిచ్చు ద్రోణాచార్య పురస్కారము 1985లో ఏర్పడినది. రహీము పోయి అప్పటికి 22 ఏండ్లు. రాజ్యము ఇచ్చు గౌరవములు ఆటగాండ్రకే గాని గురువులకు లేని కాలమున ఆయన జీవించి మరణించెను. అందుచేత దశాబ్దముల పాటు ఆయన స్మృతిని మోసినవారు శిష్యులే: పి.కె. బెనర్జీ కలకత్తాలో శిక్షకుడై గురువు పాఠములనే వల్లించెను. కుమారుడు సయ్యదు షాహిదు హకీము రోము ఒలింపిక్సు జట్టులో నుండి, పిదప అంతర్జాతీయ రెఫరీగా పేరొంది, తండ్రి మాటను 2021లో తాను కన్నుమూయు వరకు నిలిపెను.

రహీమునకు శిష్యులైన ఉండిరి. బంతి బ్యాడ్మింటను వంటి ఆటల వీరులకు ఆపాటి యదృష్టమును అరుదు. ఉన్నితో చుట్టిన పసుపుపచ్చని బంతితో జట్టునకైదుగురు ఆడు ఈ క్రీడ తంజావూరి రాజకుటుంబమున పుట్టి, ఆంధ్రమున పల్లెపల్లెకు ప్రాకినది. అందు 1970లో మొదటి అర్జున పురస్కారము పొందిన జమ్మలమడక పిచ్చయ్య ఓరుగంటిలో నివసించి, 2021లో 103 సంవత్సరములు నిండి మరణించెను. ఆయన బంతి కొట్టు తీరు ఎట్టిదో తెలియగోరువాడు ఆనాటి ప్రేక్షకులను వెదకి అడుగవలసినదే. స్త్రీల స్మృతి ఇంకను దయనీయము: 1960కి పూర్వము తెలుగునాట ఆడిన బాలికల పేర్లు చెప్పమన్నచో ఈ వ్యాసకర్తయే తడబడును.

రహీము జీవితమును ఆధారముగ చేసికొని తీసిన 'మైదాన్' అను హిందీ చలనచిత్రము 2024 ఏప్రిలులో విడుదలయ్యెను. హైదరాబాదులో పుట్టిన పిల్లలు అనేకులు రహీం సాబ్ పేరు మొదటిసారి విన్నది ఆ తెరపైనే. అందు బలరాముని పాత్రయును కలదు. అనారోగ్యమువలన చిన్న వయస్సుననే ఆట మాని, బెంగాలులోని ఉత్తరపారాలో స్థిరపడిన ఆ తులసీదాస్ బలరాముడు అంతకు పదునాలుగు నెలల మునుపు, 2023 ఫిబ్రవరి 16న, మరణించియుండెను.